మోపడానికీ ఎత్తడానికీ మధ్య

ట్రాండ్‌హైమ్‌లో నవంబరు. మూడింటికే దీపాలు.
నది ఒడ్డున పాత చేపల గిడ్డంగి, రెండో అంతస్తు,
కిటికీ సందులో తువ్వాలు కుక్కిన గది.
ఏడుగురం, ఒక వాక్యం.
పొద్దున్నుంచీ అదే వాక్యం.

నా పని రాసుకోవడం,
ఎవరేమన్నారో, ఏది కొట్టేశామో, ఎందుకు కొట్టేశామో.

"తెర మీద వేలు మోపగానే ఏ పనీ జరగకూడదు"
బోర్డు మీద రాసి ఐవిన్ వెనక్కి జరిగి చూసుకున్నాడు.
బాగానే ఉందనిపించింది.
సున్నీవా పెన్ను మూత కొరుకుతూ అడిగింది:
"మోపగానే అంటే?
మోపి కాసేపు ఉంచితేనో?
అయినా, మౌసుకి వేలేది?"
వేలు కొట్టేశాం.
"సూచిక సాధనం" అని పెట్టాం.
వాక్యంలోంచి ఎవరో మనిషి లేచి
కోటు తొడుక్కుని వెళ్లిపోయినట్టనిపించింది.
ఆ సంగతి నేను పుస్తకంలో రాయలేదు.

మూల కుర్చీలో, ఊలు టోపీ తీయకుండా, ఓస్‌బ్యోర్న్.
నలభై రెండేళ్లు చర్చిల్లో ఆర్గన్లకు శ్రుతి సరిచేసినవాడు.
ఇప్పుడు కుడి చెయ్యి అతని మాట వినదు.
కాఫీ అతనికి సగం కప్పే పోస్తాం,
అతనూ అడగడు, మేమూ చెప్పం.

మే నెలలో ఒకరోజు
ఆసుపత్రికి ఎన్నింటికి వెళ్లాలో చూద్దామని ఫోను తెరిచాడు.
వెళ్లాల్సింది "వివరాలు" మీదికి,
దిగింది "రద్దు" మీద.
దిగిందని తెలుసు, ఎత్తకముందే తెలుసు,
పక్కకి లాగాడు కూడా.
అప్పటికే అయిపోయింది.
మళ్లీ వరసలో చివర. పదకొండు వారాలు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు.
మరి వేలు జారితే?
ఆ సామెత పుట్టిన రోజుల్లో
అద్దానికింత తొందర లేదు.

చీకటి చిక్కబడేసరికి వాక్యం తిరగబడింది.
మోపితే ప్రశ్న, ఎత్తితేనే జవాబు.
మోపిన చోటే ఎత్తితే అవును.
పక్కకి జరిపి ఎత్తితే ఏమీ లేదు,
అడగనూ లేదు, అననూ లేదు.

మిగిలింది చివరి ముక్క: "తప్పనిసరైతే తప్ప."
"తీసేద్దాం," అన్నాడు ఐవిన్, "ఏకు మేకవుతుంది.
రేపు ప్రతి అంగడివాడూ
నా బొత్తాం తప్పనిసరే అంటాడు."
నలుగురు తలూపారు. నేను గీత కొట్టబోయాను.

అప్పుడు నోరు విప్పాడు ఓస్‌బ్యోర్న్:
"తీసేస్తే నా ఆర్గన్ చచ్చిపోతుంది.
మీట దిగినప్పుడే గొట్టం పలకాలి.
వేలెత్తాక పలికితే అది స్వరం కాదు,
పోట్లాట అయ్యాక, మెట్లు దిగుతుంటే తట్టే జవాబు."

ఇంట్లో పలక మీద వాయిస్తాడట, రాత్రిళ్లు.
"మరి తప్పు స్వరాలు పడవా?" అడిగింది సున్నీవా.
"పడతాయి. బోలెడు.
అవి నావి.
ఆ రద్దు నాది కాదు."

కొట్టబోయిన గీతని అక్కడే ఆపాను.
"తప్పనిసరి" అంటే ఏమిటో రాయడానికి
ఇంకో గంటంబావు పట్టింది.
రెండు కామాల దగ్గర ఐవిన్ అలిగాడు కూడా.

చివర్లో, నమూనా పేజీ ఉన్న పలకని
ఓస్‌బ్యోర్న్ ముందుకి జరిపాం.
చెయ్యి గాల్లో రెండుసార్లు దారి తప్పి
"పంపు" మీద వాలింది.
బొత్తాం రంగు మారి ఆగింది.
అతనూ ఆగాడు.
వణుకుతూనే, అద్దం మీదుగా, అంచు మీదుగా
బల్ల చెక్క దాకా ఈడ్చుకొచ్చి
వేలెత్తాడు.

పుస్తకంలో ఇలా ఉంది, నా రాతలో:
ఆరూ నలభై. ఓస్‌బ్యోర్న్ మోపాడు, ఎత్తాడు.
ఏమీ జరగలేదు.

ఆ మూడో ముక్క కింద
ఎవరూ చెప్పకుండానే
రెండు గీతలు గీశాను.